సైకిల్ కబుర్లు: భీమిలి రోడ్డు, మే నెల ఎండ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎండ గురించే. ఎండలో తొక్కాలా మానాలా, ఎన్ని నీళ్లు, ట్యూబు పేలుతుందా, ఇలాంటివే. అందుకని చైన్ శబ్దాలు, సీటు నొప్పుల ప్రశ్నలన్నీ వచ్చే సంచికకి తోసేశాను, ఏమీ అనుకోకండి.

ప్రశ్న: మాది రాజమండ్రి అండి. నేనూ మా బావమరిదీ రోజూ పొద్దున్నే కాలవగట్టు మీద సైకిల్ తొక్కుతాం, ఆదివారం అయితే 60 కిలోమీటర్లు కూడా లాగించేస్తాం. అదే ధైర్యంతో మే రెండో వారంలో వైజాగ్ చుట్టాలింటికి వెళ్లినప్పుడు సైకిళ్లు కూడా వేసుకెళ్లి ఆర్కే బీచ్ నుంచి భీమిలికి బయల్దేరాం. టిఫిన్ చేసి కదిలేసరికి 7 దాటింది. వెళ్లేటప్పుడు హాయిగానే ఉంది కానీ ఒళ్లంతా చెమట, ఆరడమే లేదు. తొట్లకొండ సగం ఎక్కేసరికి బావమరిదికి కళ్లు తిరిగి రోడ్డు పక్కన కూర్చుండిపోయాడు. ఎలాగో భీమిలి చేరి, మధ్యాహ్నం తిరిగొస్తుంటే ఎదురుగాలి, తొక్కుతుంటే బండి కదలదు. రానూ పోనూ కలిపితే 60 కూడా ఉండదు కదా, మేం వీక్ అయిపోయామా, ఆ రోడ్డే అలాంటిదా?
- రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు

జవాబు: వీక్ అవ్వలేదండి, మీకు గాలి తగల్లేదు అంతే. ఎండని తిడతాం గానీ సైకిల్ మీద మనల్ని కూలబడేసేది ఎక్కువసార్లు గాలి లేకపోవడమే. కాస్త లెక్కేసి చూద్దాం. పెడల్ మీద మనం పెట్టే శక్తికి మూడు నాలుగు రెట్లు ఒంట్లో వేడిగా మారిపోతుంది, ఎంత గట్టిగా తొక్కితే అంత వేడి. ఆ వేడి బయటికి పోవాలంటే చెమట పట్టగానే సరిపోదు, అది ఆరాలి. కారి కింద పడిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు, నీళ్లూ ఉప్పూ దండగ. ఆరాలంటే రెండు కావాలి: చుట్టూ గాలి పొడిగా ఉండాలి, ఆ గాలి మన మీంచి పోతూ ఉండాలి. వైజాగ్‌లో మే నెలలో మొదటిది ఎలాగూ ఉండదు. ఫోన్లో 34 డిగ్రీలే కదా అని చూసుకుని బయల్దేరతాం, కానీ తేమ 70 శాతం ఉంటే ఆ 34 ఒంటికి 45 లాగా తగులుతుంది.

ఇక రెండోది. మీ కాలవగట్టు మీద చదునుగా 18 స్పీడులో పోతుంటే, గాలి అస్సలు లేని రోజు కూడా 18 కిలోమీటర్ల గాలి మీరే పుట్టించుకుంటున్నారన్నమాట, పైగా గట్టు మీద చెట్ల నీడ. భీమిలి రోడ్డు అలా కాదు. వేసవిలో విశాఖ తీరంలో గాలి ఎక్కువగా నైరుతి నుంచి, అంటే తీరం వెంబడే వీస్తుంది, రోడ్డేమో ఈశాన్యానికి పోతుంది. కాబట్టి వెళ్లేటప్పుడు గాలి మీ వీపు మీదే. సంబరంగానే ఉంటుంది, స్పీడు కూడా బాగా వస్తుంది, కానీ మీరు 18లో పోతుంటే వెనక నుంచి 15లో గాలి వస్తుందనుకోండి, మీ ఒంటికి తగిలేది 3 మాత్రమే. గాలి ఆడని గదిలో కూర్చుని తొక్కినట్టే. ఎత్తు మొదలయ్యాక స్పీడు 7కి పడిపోతుంది, గుండె మాత్రం రెట్టింపు పని చేస్తుంటుంది, పక్కన తొలిచిన కొండరాయి వేడి కక్కుతుంటుంది. మీ బావమరిది గారు కూర్చుండిపోయింది కూడా సరిగ్గా అక్కడే కదా.

ఈ రోడ్డు కొలతకి చిన్నదే గానీ తూర్పు కనుమల కొసలు నేరుగా సముద్రం దాకా వచ్చేసిన చోటు, అందుకే పడీ లేస్తూ ఉంటుంది. ఆర్కే బీచ్ దగ్గర కురుసుర సబ్‌మెరైన్ దాటి లాసన్స్ బే దాకా సాఫీగా ఉంటుంది, తర్వాత కైలాసగిరి కింద తెన్నేటి పార్క్ దగ్గర మొదటి మెరక. 2020 అక్టోబర్లో గాలివానకి బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఒడ్డుకి కొట్టుకొచ్చింది చూడండి, అక్కడే. వెళ్లేటప్పుడు కాళ్లు తాజాగా ఉంటాయి కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. తిరుగు ప్రయాణంలో అదే ఆఖరి మెరక, కాళ్లు అయిపోయాక, నీళ్లు అయిపోయాక, ఎదురుగాలిలో వస్తుంది. తర్వాత సాగర్‌నగర్ వైపు దిగుడు, రుషికొండ దగ్గర మళ్లీ ఎక్కుడూ దిగుడూ, మంగమారిపేట వైపు కాస్త ఊపిరి. తొట్లకొండ దారి ఎడమ చేతికి చీలుతుంది. కొండ సముద్ర మట్టానికి 128 మీటర్ల ఎత్తే, కానీ ఆ ఎత్తంతా తక్కువ దూరంలో ఎక్కాలి, పైగా అది ఒడ్డున పోయే రోడ్డు కాదు, కొండ వంపుల్లోకి పోయేసరికి సముద్రపు గాలికి కూడా కొండ అడ్డుపడుతుంది. పైన బౌద్ధ ఆరామం మాత్రం చూడాల్సిందే. 1976లో నేవీ వాళ్లు విమానం నుంచి సర్వే చేస్తుంటే బయటపడింది, తర్వాత 1988 నుంచి 1993 దాకా తవ్వారు. రాతిలో తొలిచిన నీళ్ల తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, వాటి వల్లే ఆ పేరు. రెండు వేల ఏళ్ల కిందట ఆ కొండ మీద ఉండాలనుకున్న భిక్షువులు ముందు నీళ్ల సంగతి చూసుకున్నారు, మనం ఒక్క అర లీటరు సీసాతో ఎక్కేస్తాం.

ఇంకోటి, మీరు వెళ్లింది మే రెండో వారం అన్నారు. ఆ రోజుల్లో విశాఖలో సూర్యుడు మిట్టమధ్యాహ్నం దాదాపు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, మీ నీడ మీ చక్రాల కిందే పడుతుంది. చెట్టు కింద నిలబడితే తప్ప గోడ నీడ, కొండ నీడ లాంటివి ఏమీ దొరకవు. పైగా మన గడియారం టైము లెక్కించే రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది కాబట్టి అక్కడ 12 అంటే నిజంగానే 12. తెల్లారడం కూడా తొందరే, 5న్నరకల్లా సూర్యుడు సముద్రం మీద ఉంటాడు. 7కి బయల్దేరడం అంటే చల్లటి గంటన్నర ఇడ్లీకి ఇచ్చేసినట్టు.

మరి ఎలా తొక్కాలి అంటే నా పద్ధతి ఇది. చీకటి ఉండగానే 5 కొట్టేసరికి రోడ్డు మీద ఉండాలి, ముందూ వెనకా లైట్లు పెట్టుకుని. రెండు అరటిపళ్లు తినండి చాలు, టిఫిన్ భీమిలిలో. కొండలు ముందు, చదును తర్వాత. తొట్లకొండ అడుగుకి సుమారు 15 కిలోమీటర్లు, 6న్నరలోపు అక్కడుంటారు. పైన గేటు ఎప్పుడు తీస్తారో ముందురోజే కనుక్కోండి, తీయకపోతే వదిలేయండి, 10 గంటలకి మళ్లీ వచ్చి ఎక్కుదాం అనే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. 8 ప్రాంతంలో భీమిలి. అక్కడ రెండే దారులు: గంటలోపు తిరుగుముఖం పట్టి ఎండ ముదరకముందే ఇంట్లో పడటం, లేదంటే సాయంత్రం 4 దాకా భీమిలిలోనే ఉండిపోవడం. ఉండిపోవడానికి భీమిలి మంచి ఊరే, డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, ఎండెక్కాక మెస్సులో భోజనం, నీడన ఓ కునుకు. ఎర్రమట్టి దిబ్బలు మాత్రం పొద్దున్నో సాయంత్రమో చూడాలి, మధ్యాహ్నం కాదు. అది జాతీయ భూవారసత్వ స్థలం, సైకిల్ బయటే పెట్టి నడవండి, టైర్లతో ఆ గట్లు కోసేయకండి.

తిరిగొచ్చేటప్పుడు ఎదురుగాలి తప్పదు. తిట్టుకుంటాం గానీ, ఒంటికి మంచి చేసేది అదే. స్పీడు చూసుకోవడం మానేసి ఒక గేరు తగ్గించి తొక్కండి, 12లో వెళ్తే 12లోనే వెళ్లండి, చెమట ఆరుతుంది. అసలు నన్నడిగితే మే నెలలో పద్ధతే తిరగేయాలి: సైకిళ్లని ఏ ట్రాలీ ఆటోలోనో వేసుకుని ముందు భీమిలి చేరి, అక్కడ్నుంచి తెల్లారుజామున విశాఖ వైపు తొక్కాలి. గాలి ముఖానికి తగులుతూ ఉంటుంది, ఆ వేళకి అది గట్టిగా కూడా ఉండదు.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కొన్ని రోజులు సముద్రపు గాలి రాదు, పడమటి నుంచి పొడి వేడిగాలి కొడుతుంది, తీరంలో కూడా 40 దాటేది అప్పుడే. 2015 మేలో మన రెండు రాష్ట్రాల్లో కలిపి 2 వేల మందికి పైగా వడదెబ్బకి పోయారు. వాతావరణ శాఖ తీరప్రాంతాలకి వడగాలుల హెచ్చరిక 37 డిగ్రీల నుంచే లెక్కలోకి తీసుకుంటుంది, మైదానాలకైతే 40. ఆ హెచ్చరిక ఉన్నరోజు సైకిల్ ఇంట్లోనే ఉంచండి, చుట్టాలతో పేకాడుకోండి.

ప్రశ్న: నమస్తే అండి, విజయనగరం నుంచి రాస్తున్నాను. మేం నలుగురం ఆడవాళ్లం కలిసి ఆదివారాలు భీమిలి, చింతపల్లి వైపు వెళ్తుంటాం. ఎండలో ఎన్ని నీళ్లు తాగాలి? ఓఆర్ఎస్ మంచిదా, గ్లూకోజ్ పొడి మంచిదా? వేడి మీద చల్లటి నీళ్లు తాగితే గుండె ఆగిపోతుంది అని మా అత్తయ్య గారు ఒకటే గోల.
- ఒక పాఠకురాలు

జవాబు: అత్తయ్య గారికి నమస్కారం చెప్పండి, కానీ ఈ విషయంలో ఆవిడ భయపడక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి ఎండలో చల్లటి నీళ్లు తాగితే ఒంటికి మేలే. ఒక్కసారిగా లీటరు గటగటా తాగితే కడుపులో తిప్పుతుంది, అంతవరకే.

ఎన్ని నీళ్లు అనేది ఎవరి చెమట వాళ్లది. ఎండలో గట్టిగా తొక్కితే గంటకి లీటరు, కొందరికి లీటరున్నర కూడా పోతుంది. మీ లెక్క తెలియాలంటే ఒకరోజు బయల్దేరేముందు బరువు చూసుకోండి, గంట తొక్కొచ్చి చెమట తుడుచుకుని మళ్లీ చూసుకోండి. తగ్గిన కిలో అంటే పోయిన లీటరు, మధ్యలో తాగింది దానికి కలుపుకోండి. పోయిందంతా అప్పటికప్పుడే తాగేయాలని లేదు, పావుగంటకోసారి నాలుగు గుక్కలు, మిగతాది ఇంటికొచ్చాక. మరీ ఎక్కువ తాగడం కూడా ప్రమాదమే, గంటల తరబడి ఉత్త నీళ్లే పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వాంతులు, ఇంకా ముదిరితే ఫిట్స్ దాకా వెళ్తుంది. వెళ్లినప్పటికంటే తిరిగొచ్చినప్పుడు బరువు పెరిగారంటే ఎక్కువ తాగారని అర్థం.

గంటలోపు అయితే మంచినీళ్లు చాలు. అది దాటితే ఉప్పు కావాలి. గ్లూకోజ్ పొడిలో ఉండేది చాలావరకు చక్కెరే, చెమటలో పోయిన ఉప్పు దానితో తీరదు. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్ లీటరు నీళ్లకి లెక్క, చాలామంది దాన్నే గ్లాసులో కలిపేసుకుని చిక్కగా తాగుతారు, అది తప్పు, ప్యాకెట్ మీద ఎంత రాసుంటే అంతే. ఇంట్లో చేసుకోవాలంటే లీటరు నీళ్లకి 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీస్పూనే, తల కొట్టి. షాపుల్లో డబ్బాల్లో అమ్మే తియ్యటి రంగునీళ్లతో మాత్రం జాగ్రత్త. వాటి మీద ఓఆర్ఎస్ అన్న మాట కనిపించేది, దాని మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడారు, చివరికి 2025 అక్టోబర్లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ (ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ), ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్లలో లేని వాటికి ఆ పేరు వాడకూడదని తేల్చేసింది. ఇవేవీ వద్దనుకుంటే ఉప్పేసిన పల్చటి మజ్జిగ, దాన్ని మించింది లేదు, సీసాలో మాత్రం పోసుకెళ్లకండి, రెండో గంటకి పులిసి మూత ఎగిరిపోతుంది. కొబ్బరిబోండాం రుచికి బాగుంటుంది, పొటాషియం ఉంటుంది గానీ సోడియం తక్కువ, కాబట్టి దానితో పాటు ఏ ఉప్పు పల్లీలో తినండి. మీలో ఎవరికైనా బీపీ ఉన్నా, నీరు తగ్గే మాత్రలు వాడుతున్నా ఈ ఉప్పు సంగతి ముందు మీ డాక్టర్ని అడగండి.

నలుగురు వెళ్తున్నారు కాబట్టి ఇది నలుగురికీ తెలియాలి: తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం వరకూ అయితే నీడ, నీళ్లు, విశ్రాంతితో తగ్గుతుంది. కానీ ఎవరైనా తడబడుతూ మాట్లాడినా, ఎక్కడున్నారో తెలియనట్టు ప్రవర్తించినా, పడిపోయినా అది వడదెబ్బ. ఒంటి మీద చెమట ఉంది కదా వడదెబ్బ కాదులే అనుకోకండి, శ్రమ వల్ల వచ్చే వడదెబ్బలో చెమట ఉంటుంది. 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడలో పడుకోబెట్టి ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి, ఐసు దొరికితే మెడ, చంకలు, గజ్జల దగ్గర పెట్టండి. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.

ప్రశ్న: అన్నా నాది గేర్లు లేని సైకిల్, ఇంటర్ చదువుతున్నా, గాజువాక. ఫ్రెండ్స్ అందరివీ గేర్ సైకిళ్లు. కైలాసగిరి మెరక దగ్గర నేనొక్కడినే దిగి నడవాల్సి వస్తోంది, నవ్వుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: నవ్వనీ తమ్ముడూ. నీ సైకిల్‌కి ముందు పళ్లచక్రం 44, వెనక 18 ఉంటే పెడల్ ఒక్క చుట్టుకి బండి 5 మీటర్లు పోవాలి. వాళ్లు ముందు 28, వెనక 28 వేసుకుంటే 2 మీటర్ల పైచిలుకే. నీకంటే వాళ్లకి సగం కంటే తక్కువ బరువన్నమాట, అది వాళ్ల కాళ్ల గొప్ప కాదు. మెకానిక్ దగ్గర వెనక ఫ్రీవీల్ 20దో 22దో వేయించు, చైన్ పొడవు సరిపోతుందో లేదో అతనే చూసుకుంటాడు, పెద్ద ఖర్చేం కాదు, మెరకల్లో తేడా తెలుస్తుంది. చదునులో కాస్త స్పీడు తగ్గుతుంది, పర్లేదు. ఎండలో అయితే దిగి నడవడమే తెలివి, నిలబడి కిందా మీదా పడి తొక్కితే మోకాళ్లు, గుండె రెండూ అరుస్తాయి. బ్రేకు రబ్బర్లు మాత్రం కొత్తవి వేయించు, ఎక్కలేకపోతే నడవొచ్చు, దిగేటప్పుడు బ్రేకు పడకపోతే ఆ ఛాన్సు లేదు.

ప్రశ్న: ఎండలో గాలి వేడెక్కి ట్యూబ్ పేలిపోతుంది, అందుకే వేసవిలో గాలి తక్కువ కొట్టాలి అని మా వీధి పంక్చర్ షాపాయన అంటాడు. నిజమేనా?
- అనకాపల్లి పాఠకుడు

జవాబు: సగం నిజం. పొద్దున 25 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ కొట్టారనుకోండి, మధ్యాహ్నం టైరు 60 డిగ్రీలకి వేడెక్కినా లోపల ప్రెషర్ 69 దగ్గరికి చేరుతుంది, అంతే. బాగున్న టైరు దానికి పేలదు. పేలుతున్నాయంటే టైరు అంచు చిరిగి ఉండటమో, ట్యూబు రిమ్ముకీ టైరుకీ మధ్య నలగడమో, ఏళ్ల తరబడి ఎండలో నిలబెట్టి రబ్బరు పగుళ్లు తేలడమో అయ్యుంటుంది. టైరు పక్కన రాసున్న ఎక్కువ అంకె దాకా కొట్టకుండా ఓ పది తగ్గించుకోండి, మరీ తగ్గిస్తే గుంటలో పడ్డప్పుడు ట్యూబు నొక్కుకుని పాము కాటులా రెండు చిల్లులు పడతాయి. సైకిల్ని ఎండలో ఆపాల్సి వస్తే చక్రాల మీద ఏ గోనెసంచో కప్పండి. బీచ్ రోడ్డు మీద తిరిగే వాళ్లకి ట్యూబు కంటే తుప్పే పెద్ద శత్రువు. ఇంటికి రాగానే తడిగుడ్డతో చైన్ తుడిచి, ఆరాక చుక్క చుక్క నూనె వేయండి, కొబ్బరినూనె మాత్రం వద్దు.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అండి. మహారాష్ట్రలో కొంకణ్ తీరం వెంబడి సైకిల్ మీద అలీబాగ్ నుంచి దక్షిణానికి వెళ్దామని మా టీమ్ ప్లాన్. సెలవులు ఏప్రిల్ చివర్లోనే దొరుకుతున్నాయి. ఎండ తట్టుకోగలమా?

జవాబు: దిక్కు మాత్రం సరిగ్గా ఎంచుకున్నారు. అక్కడ వేసవి మధ్యాహ్నాలు గాలి వాయవ్యం నుంచి వస్తుంది, కాబట్టి దక్షిణానికి పోతుంటే వీపు మీద పడుతుంది. పైన రాజమండ్రి ఆయనకి చెప్పిందే మీకూ వర్తిస్తుంది, తోపుడు గాలి అంటే ఎక్కుళ్లలో ఉక్క. కొంకణ్‌లో ఎక్కుళ్లు భీమిలి రోడ్డులా రెండో మూడో కాదు, రోజంతా అవే. ఒక ఖాడీ, అంటే సముద్రపు పాయ దగ్గరికి దిగుతారు, జంగారు, అంటే బండ్లు ఎక్కించుకునే పడవ ఎక్కి అవతలి ఒడ్డుకి పోతారు, అక్కడ్నుంచి ఎర్రరాతి పీఠభూమి మీదికి మళ్లీ ఎక్కుతారు, పైన చెట్టన్నది ఉండదు, మళ్లీ దిగుతారు. ఆగర్‌దండ నుంచి దిఘీ, బాగ్‌మండ్లా నుంచి వేశ్వి, దాభోల్ నుంచి ధోపావే, తవ్‌సాల్ నుంచి జయగడ్, ఇలా పడవలు వరసగా తగులుతాయి, సైకిళ్లు ఎక్కించుకుంటారు. జంగారు ఎక్కేముందే సీసాలు నింపుకోండి, ఎందుకంటే దిగగానే మొదలయ్యేది మెరకే.

ఇంకో సంగతి, అక్కడ మన గడియారం కంటే సూర్యుడు వెనక ఉంటాడు, నిజమైన మధ్యాహ్నం 12:40 ప్రాంతంలో అవుతుంది. కాబట్టి వైజాగ్ లాగా 5న్నరకే తెల్లారదు, సాయంత్రం ఎండ కూడా ఆలస్యంగా తగ్గుతుంది, 4కి కాదు 5కి కదలండి. రోజుకి 80, 100 అని ఎక్సెల్ షీట్లో రాసుకునే ఉంటారు, 45 చేయండి. ఏసీ ఆఫీసులోంచి నేరుగా అక్కడ దిగితే ఒళ్లు తట్టుకోదు, ఎండకి అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు కావాలి, బయల్దేరేముందు రోజూ సాయంత్రం 4 గంటలప్పుడు హైదరాబాద్‌లోనే ఓ గంట తొక్కండి, మొదటి రెండు రోజులు అరగంటే. వీలైతే సెలవులు డిసెంబర్‌కి మార్చుకోమని మీ మేనేజర్ని ఇంకోసారి అడగండి. కుదరదంటే అలీబాగ్ నుంచి గుహాగర్ దాకా పెట్టుకుని మిగతాది వదిలేయండి.